మ్యాచ్ పండాలంటే: పాత రెజ్లింగ్ చూసే పద్ధతి, పాత ఆటలు ఆడే పద్ధతి

రెజ్లింగ్ అంటే నాకు ఇష్టమని తెలియగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "అదంతా ఉత్తుత్తిదే కదా?" అని. అవును, ఉత్తుత్తిదే. ఎవరు గెలవాలో ముందే రాసుకుని ఉంటారు. అదేమీ గుట్టు కాదు. క్రీడాపోటీల మీద ఉండే నియంత్రణలనూ పన్నులనూ తప్పించుకోవడానికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కంపెనీ వాళ్లే 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు తమది వినోదమేనని ఒప్పుకున్నారు. పౌరాణిక నాటకానికి వెళ్లేవాడికి కౌరవులు ఓడిపోతారని తెలియదా? తెలిసే వెళతాడు. పద్యం ఎలా ఎత్తుకున్నాడో, రాగం ఎంతసేపు నిలబెట్టాడో చూస్తాడు. నచ్చితే వన్స్ మోర్ అని అరుస్తాడు. రెజ్లింగ్ చూడాల్సిందీ అలాగే.

ఇది ఎవరి కోసమంటే, చిన్నప్పుడు ట్రంప్ కార్డుల మీద ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు బట్టీపట్టి, అండర్‌టేకర్ చచ్చి బతికాడన్న కథ నమ్మి, కేబుల్ టీవీలో కొన్నాళ్లు చూసి మానేసినవాళ్ల కోసం. మళ్లీ చూద్దామని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తికమకపడేవాళ్ల కోసం. చూడటంతో పాటు ఆడటం గురించి కూడా చెబుతాను. నా దృష్టిలో ఆ రెండూ వేరు కావు. మంచి రెజ్లింగ్ ఆట అంటే రెజ్లర్ల ముఖాలను అచ్చు గుద్దినట్టు చూపించేది కాదు, మ్యాచ్‌ను పండించే పని మీ చేతుల్లో పెట్టేది. ఈ లెక్కన చూస్తే కొత్తగా వచ్చిన ఖరీదైన ఆటల్లో చాలా వాటికంటే పాతికేళ్ల నాటి ఒక క్యాసెట్ మేలు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట ఏది చూడాలి

వారం వారం వచ్చే షోలతో మొదలుపెట్టకండి. రా కార్యక్రమం 1993 జనవరి 11న మొదలైంది, ఇంకా ఆగలేదు. మొదటి నుంచి వరసగా చూస్తానని కూర్చున్నవాడు ఏడాది తిరక్కుండానే రెజ్లింగ్ మీద ద్వేషం పెంచుకుంటాడు. పైగా అందరూ స్వర్ణయుగమని చెప్పే 1998, 1999 నాటి వారపు షోలలో మాటలు ఇరవై నిమిషాలు, మ్యాచ్ మూడు నిమిషాలు. ఆ రోజుల్లో బాగున్నది వాతావరణం. కుస్తీ కాదు.

మొదటి మ్యాచ్‌గా నేను అందరికీ చూపించేది 1987 మార్చి 29న పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో జరిగిన రాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్‌ల మ్యాచ్. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఏటా జరిపే పెద్ద షో రెజిల్‌మేనియా 3లో ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ కోసం జరిగింది. పావుగంట కూడా పట్టదు. తెలియాల్సిన పూర్వకథ ఒక్క వాక్యం: కొన్ని నెలల కిందట సావేజ్ రింగ్ గంటతో స్టీమ్‌బోట్ గొంతు మీద కొట్టి కంఠనాళం చితక్కొట్టాడు. అంతే. ఇక మీకు ఇంగ్లీషు వ్యాఖ్యానం అర్థం కాకపోయినా పర్వాలేదు. సావేజ్ పదే పదే ఆ గొంతు మీదికే వెళుతుంటాడు, స్టీమ్‌బోట్ చెయ్యి పదే పదే ఆ గొంతు మీదికే పోతుంటుంది. ఆ రోజుల్లో చాలామంది రెజ్లర్లు ముగింపు ఒక్కటి అనుకుని మిగతాది రింగులోనే గుసగుసగా చెప్పుకుంటూ లాగించేవారు. సావేజ్‌ది చాదస్తం. ప్రతి పట్టూ ముందే రాసి, వల్లె వేయించి మరీ దిగాడు. ఆ చాదస్తం ఫలితమే వరసగా ఒకదాని మీద ఒకటి పడే ఆ పిన్ (ఎదుటివాడి భుజాలను మూడు లెక్కపెట్టేదాకా నేలకు అదిమి ఉంచడం) ప్రయత్నాలు. ప్రతిసారీ రెండు దాకా వచ్చి ఆగిపోతుంది, ప్రతిసారీ జనం లేచి కూర్చుంటారు.

దీన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి కొట్టేవాణ్ణి వదిలేసి దెబ్బ తినేవాణ్ణే చూడండి. ఇదే అసలు కిటుకు. రెజ్లింగ్‌లో నైపుణ్యం కొట్టడంలో ఉండదు. దెబ్బ తగిలినట్టు నమ్మించడంలో, ఆ నొప్పిని పది నిమిషాల తర్వాత కూడా మర్చిపోకుండా మోయడంలో ఉంటుంది. దీన్నే సెల్లింగ్ అంటారు. కాలు విరిగినట్టు అరిచి మరుక్షణం అదే కాలితో పరుగెత్తేవాడు ఎంత కండలవాడైనా చెడ్డ రెజ్లరే.

అదే రాత్రి చివరి మ్యాచ్ హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్‌లది. 93,173 మంది వచ్చారని కంపెనీ ప్రకటించింది. ఆ అంకె మీద ఇప్పటికీ తగాదాలే. మ్యాచ్ మాత్రం, మొహమాటం లేకుండా చెబుతున్నాను, నీరసం. అప్పటికే ఆండ్రే ఆరోగ్యం బాగా దెబ్బతింది, నడవడమే కష్టంగా ఉంది. హోగన్ అతన్ని ఎత్తి పడేసే ఆ ఒక్క క్షణం చూసి ఆపేయండి.

రెండో మ్యాచ్, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: 1997 మార్చి 23, షికాగో దగ్గరి రోజ్‌మాంట్‌లో రెజిల్‌మేనియా 13, బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్. ఎదుటివాడి చేత ఓటమి ఒప్పిస్తేనే గెలుపు, పిన్ లేదు. రిఫరీగా కెన్ షామ్రాక్. లోపలికి వచ్చేటప్పుడు బ్రెట్ హీరో, ఆస్టిన్ విలన్. బయటికి వెళ్లేటప్పుడు ఆస్టిన్ హీరో, బ్రెట్ విలన్. ఇరవై నిమిషాల పైచిలుకులో ఇద్దరి జాతకాలూ తారుమారయ్యాయి. అలా చేద్దామని చాలామంది ప్రయత్నించారు, అంత శుభ్రంగా ఎవరికీ కుదరలేదు.

ఎలా కుదిరిందో చూడాలంటే జనం అరుపులు వినండి. మొదట ఇద్దరూ రింగు వదిలి ప్రేక్షకుల మధ్యలో పడి కొట్టుకుంటారు. అప్పుడు గోల కలగాపులగంగా ఉంటుంది. తర్వాత బ్రెట్ మోకాలి మీద పడతాడు, పద్ధతిగా, లెక్క ప్రకారం. కుర్చీ తెస్తాడు. హీరో కుర్చీ తేవడమేమిటి అని ఎవరో ఒకరికి అనిపించడం మొదలయ్యేది అక్కడే. ఆస్టిన్ నుదురు పగిలి రక్తం ధారగా కారుతుంది. చివర్లో బ్రెట్ తన షార్ప్‌షూటర్ పడతాడు. రెండు కాళ్లనూ మెలిపెట్టి, మనిషిని బోర్లా తిప్పి, వీపు విరిగేలా వెనక్కి లాగి కూర్చునే పట్టు అది. ఆస్టిన్ ఒకసారి నేలను రెండు చేతులతో తోసుకుని లేవబోతాడు. పట్టు కాస్త సడలుతుంది. స్టేడియం మొత్తం ఒక్కసారిగా విలన్ వైపు తిరిగిపోయిన శబ్దం మీకు అక్కడ వినిపిస్తుంది. లేవలేకపోతాడు. కానీ ఓడిపోయానని చెప్పడు. పళ్ల మధ్య రక్తంతో అరుస్తూ అరుస్తూ స్పృహ తప్పుతాడు, షామ్రాక్ మ్యాచ్ ఆపేస్తాడు. గెలిచిన బ్రెట్ అంతటితో ఆగకుండా పడి ఉన్నవాడి కాలి మీదికి మళ్లీ వెళతాడు. కథ అంతా ఆ చివరి అరనిమిషంలో ఉంది. ఆస్టిన్ ఎవరి సాయమూ పట్టకుండా కుంటుకుంటూ వెళుతుంటే అతని పేరు మారుమోగుతుంది.

ఈ మ్యాచ్ మీకు నచ్చకపోతే రెజ్లింగ్ మీకు పడదు. వేరే వ్యాపకం చూసుకోండి, తప్పేమీ లేదు.

నచ్చితే మూడోది 1997 అక్టోబరు 26, లాస్ వేగస్, అప్పట్లో పోటీ కంపెనీ అయిన డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల హాలోవీన్ హ్యావక్ షో: రే మిస్టీరియో, ఎడ్డీ గెరేరో. ఓడితే ఎడ్డీ టైటిల్ పోతుంది, లేకపోతే రే ముసుగు పోతుంది. మెక్సికో కుస్తీ సంప్రదాయంలో ముసుగు తీయించుకోవడం కంటే పెద్ద అవమానం లేదు కాబట్టి పందెం సమానమే. రే గాలిలో చేసేవి చూసి అందరూ నోళ్లు వెళ్లబెడతారు. మీరు మాత్రం ఎడ్డీని చూడండి. ఆ పక్షి ఎక్కడ వాలాలో అక్కడ సరిగ్గా నిలబడి పట్టుకునేది అతనే. పైగా మధ్యమధ్యలో ముసుగు పట్టుకుని చింపడం, జనం వైపు చూసి వెకిలిగా నవ్వడం, విలన్ చేయాల్సిన పనులన్నీ చేస్తూనే.

నాలుగోది కాస్త ఓపిక ఉన్నవాళ్లకు. 1994 జూన్ 3, టోక్యో నిప్పాన్ బుడోకాన్, ఆల్ జపాన్ కంపెనీ, మిసావా, కవాడా. ముప్పై అయిదు నిమిషాలు దాటుతుంది. మైకు పట్టుకుని సవాళ్లు విసరడం లేదు, బాణసంచా లేదు, మేనేజరు లేడు. ఒకడు మోచేత్తో కొడతాడు, ఇంకొకడు కాలితో తంతాడు, అంతే ఆయుధాలు. మొదటి పది నిమిషాలు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. అది పొయ్యి అంటించే సమయం, ఫోను పక్కన పెట్టి కూర్చోండి. ముందు మూడు చూడకుండా దీన్ని చూస్తే నిద్ర వస్తుంది. ఆ క్రమంలో చూస్తే మాత్రం నిద్ర పట్టదు.

ఎక్కడ దొరుకుతాయంటే, కంపెనీల అధికారిక యూట్యూబ్ ఛానళ్లలో పాత మ్యాచ్‌లు పూర్తి నిడివితో చాలానే ఉన్నాయి. కొత్త షోలు మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌కు మారాయి.

చూడకపోయినా ఏమీ కానివి

ఇక్కడ కొందరికి కోపం రావచ్చు. 1990ల అండర్‌టేకర్ మ్యాచ్‌లలో సగానికి పైగా విసుగు. గంట మోగగానే దీపాలు ఆరిపోయి అతను నడిచి వచ్చే ఆ రెండు నిమిషాలకూ నేను ఇప్పటికీ దాసుణ్ణే. ఆ తర్వాత జరిగేదే సమస్య. 1993లో లాస్ వేగస్‌లో రెజిల్‌మేనియా 9 చూడండి, కాదు, చూడకండి, నేను చెబుతాను. ఎదురుగా జెయింట్ గొంజాలెస్. ఒంటి మీద కండలు గీసి, అక్కడక్కడా బొచ్చు అతికించిన బిగుతు దుస్తులు. అతను క్లోరోఫాం గుడ్డతో అండర్‌టేకర్ ముక్కు మూస్తాడు, అందుకని అతన్ని అనర్హుణ్ణి చేస్తారు. రెజిల్‌మేనియా వరస విజయాలంటూ అందరూ పొగిడిన లెక్కలో ఇదీ ఒకటి. 1994 జనవరిలో రాయల్ రంబుల్ షోలో పది మంది దాకా కలిసి అతన్ని శవపేటికలో కుక్కితే, అతని ఆత్మ పైకప్పుకు లేచిపోయినట్టు చూపించారు. మన బళ్లలో తిరిగిన చచ్చి బతికిన కథకు ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? అసలైన అండర్‌టేకర్ కావాలంటే 2009 ఏప్రిల్ 5న హ్యూస్టన్‌లో షాన్ మైకేల్స్‌తో ఆడిన మ్యాచ్‌కు నేరుగా వెళ్లండి. వయసు మీద పడ్డాకే అతను గొప్ప రెజ్లర్ అయ్యాడని నా అభిప్రాయం.

గ్రేట్ ఖలీ గురించి కూడా నిజం చెప్పుకుందాం. 2006లో జడ్జిమెంట్ డే షోలో అతను అండర్‌టేకర్‌ను ఓడిస్తే మన దేశంలో టీవీ ముందు ఎగిరి గంతులేసినవాళ్లలో నేనూ ఉన్నాను. 2007 జులైలో వరల్డ్ హెవీవెయిట్ బెల్టు వచ్చినప్పుడూ అంతే. గర్వం వేరు, మ్యాచ్ వేరు. కదలలేని మనిషి చుట్టూ ఎదుటివాడే పరుగెత్తి పరుగెత్తి పడాలి. ఖలీ మ్యాచ్ ఏదైనా బాగుందంటే ఆ పుణ్యం ఎదుటివాడిదే.

1998 జూన్ 28, పిట్స్‌బర్గ్‌లో జరిగిన హెల్ ఇన్ ఎ సెల్ మ్యాచ్‌ను కొత్తవాళ్లకు మొదట చూపించే అభిమానులంటే నాకు పడదు. మిక్ ఫోలీ ఆ ఇనుప పంజరం మీద నుంచి కింద ఉన్న వ్యాఖ్యాతల బల్ల మీద పడతాడు. తర్వాత మళ్లీ ఎక్కితే పైకప్పు జాలీ ఊడి లోపలికి పడతాడు. ఆ రెండోది అనుకున్నది కాదు. ఇది చూశాక మిగతా అన్ని మ్యాచ్‌లూ చప్పగా కనిపిస్తాయి, పైగా రెజ్లింగ్ అంటే ఎత్తు నుంచి దూకడమేననే అపోహ స్థిరపడుతుంది. మరుసటి ఏడాది మే నెలలో కాన్సాస్ సిటీలో ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగే విన్యాసంలో పడి చనిపోయాడు. దాన్ని గుర్తుపెట్టుకుని ఆ పంజరం మ్యాచ్ చూడండి, ఈలలు వేయబుద్ధి కాదు. క్రిస్ బెన్వా మ్యాచ్‌లు నా జాబితాలో ఎక్కడా లేవు. 2007లో అతను భార్యనూ కొడుకునూ చంపి తానూ చనిపోయాడు, ఇంకా కారణం చెప్పనక్కర్లేదు.

ఇప్పటివాటిలో రోమన్ రెయిన్స్ 1,316 రోజులు బెల్టు మోశాడు. మొదటి ఏడాది అద్భుతం, ముఖ్యంగా సొంత తమ్ముళ్ల వరస జే ఊసోను లొంగదీసే కథ. ఆ తర్వాత ప్రతి పెద్ద మ్యాచ్‌కూ ఒకటే ముగింపు: రిఫరీ పడిపోతాడు, బంధువులు పరుగెత్తుకొస్తారు. మూడోసారికి నేను గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను.

ప్రత్యక్షంగా చూసే అవకాశం వస్తే వదలకండి. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. జాన్ సీనా, సేథ్ రాలిన్స్ జట్టుకట్టి ఇంపీరియం అనే జట్టువాళ్లను ఓడించారు. టీవీలో కెమెరా మీ బదులు ఎంచుతుంది. అక్కడ ఎవరిని చూడాలో మీరే ఎంచుకోవాలి. ఇలాంటి జట్టు మ్యాచ్‌లో (ట్యాగ్ మ్యాచ్ అంటారు) రింగులో కొట్టుకుంటున్నవాళ్లను వదిలి, తాడు బయట నిలబడి చెయ్యి చాపుతున్నవాణ్ణి చూడండి. జనాన్ని లేపేది, కూర్చోబెట్టేది అతనే. రిఫరీని కూడా గమనించండి. పడ్డవాడి దగ్గర వంగి మాట్లాడుతున్నాడంటే బాగున్నాడో లేదో కనుక్కుంటున్నాడు, లేదా ఇంకా ఎంత సమయం ఉందో చెబుతున్నాడు.

ఇక ఆటలు

ఇందాక క్యాసెట్ అన్నాను కదా, అది నింటెండో 64 అనే వీడియోగేమ్ యంత్రం మీద 2000 నవంబరులో వచ్చిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నో మెర్సీ. తయారుచేసింది జపాన్‌కు చెందిన ఆకి కార్పొరేషన్, అమ్మింది టీహెచ్‌క్యూ. బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది. వేళ్లు కలిసిపోయిన చేతులు, ముఖానికి అతికించిన ఫొటోలాంటి ముఖం. నలుగురు ఒకేసారి రింగులోకి దిగితే ఆట నత్తనడక నడుస్తుంది. మొదట అమ్మిన కార్ట్రిడ్జ్‌లలో కొన్నింటిలో దాచుకున్న ఆట మొత్తం తనంతట తానే చెరిగిపోయే జబ్బు ఉండేది, అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కాస్త ఆడి, ఆపి, మళ్లీ వేసి చూసుకోండి. నింటెండో 64 కంట్రోలర్ మధ్యలో ఉండే పుల్ల కూడా వదులై పోయి ఉంటుంది. దాన్ని వదిలేస్తే తనే నిటారుగా నిలబడాలి, వాలిపోతే తీసుకోకండి.

ఇన్ని లోపాలున్నా అది ఎందుకు గొప్పదో ఒక్క బటన్‌లో తెలుస్తుంది. ఎదుటివాడి దగ్గరికి వెళ్లి 'A' అని రాసి ఉన్న బటన్‌ను తట్టి వదిలితే బలహీనమైన పట్టు. కాసేపు నొక్కి ఉంచితే బలమైన పట్టు. బలహీనమైన దాన్నుంచి చిన్న దెబ్బలు, చేతి మెలికలు వస్తాయి. బలమైన దాన్నుంచి ఎత్తి పడేసేవి. నొక్కి ఉంచే ఆ క్షణంలో ఎదుటివాడు మిమ్మల్ని కొట్టవచ్చు, తప్పించుకోవచ్చు. అందుకని మొదట్లో చిన్నవాటితో వాణ్ణి అలసిపోయేలా చేసి, తర్వాత పెద్దవాటికి వెళ్లాలి. సావేజ్, స్టీమ్‌బోట్‌లు నడిచిన దారీ ఇదే. తెర మీద ఒక మీటరు ఉంటుంది. మీరు ఆధిపత్యం చూపిస్తే, జనాన్ని రెచ్చగొడితే అది పెరుగుతుంది, దెబ్బ తింటే తగ్గుతుంది. నిండి మెరిసినప్పుడు బలమైన పట్టు పట్టి ఆ పుల్ల కదిపితే ఫినిషర్, అంటే ఆ రెజ్లర్ సొంత ముగింపు దెబ్బ. అంటే ఫినిషర్‌ను సంపాదించుకోవాలి, ఊరికే రాదు.

మా మేనల్లుడికి మొదటిసారి ఆడించినప్పుడు వాడు దొరికిన బటన్లన్నీ దడదడలాడించాడు. "మామయ్యా, నేనే గెలిచాను!" "గెలిచావు. మ్యాచ్ బాగుందా?" వాడు ఆలోచించాడు. "లేదు. మీరు ఊరికే పడ్డారు." పదకొండేళ్లవాడికి అర్థమైనది పెద్ద పెద్ద స్టూడియోలకు అర్థం కావడం లేదు. అప్పటి నుంచి మా ఇంట్లో కొన్ని షరతులున్నాయి. మొదటి రెండు నిమిషాలు బలమైన పట్టు పట్టకూడదు. ఒకే దెబ్బ వరసగా మూడుసార్లు కొట్టకూడదు. కాలు ఎంచుకున్నవాడు కాలి మీదే పడాలి, చేయి ఎంచుకున్నవాడు చేతి మీద. ఫినిషర్ తర్వాత వెంటనే పిన్ చేయకుండా ఒక్కసారి జనం వైపు చూసి చేతులెత్తాలి. ఆ వృథా చేసిన క్షణంలో ఎదుటివాడు లేచిపోతే అది మ్యాచ్‌కు మంచిదే. వాడు ఇప్పుడు ఓడిపోయిన మ్యాచ్‌లనే ఎక్కువ గొప్పగా చెప్పుకుంటాడు.

ఒంటరిగా ఆడేటప్పుడు నో మెర్సీలో ఒక్కో బెల్టుకూ ఒక్కో కథ ఉంటుంది. ఓడితే ఆట అయిపోదు, కథ ఇంకో కొమ్మ పట్టుకుంటుంది. కొన్ని మంచి సన్నివేశాలు ఓడితేనే కనిపిస్తాయి. ఓడగానే స్విచ్ ఆపేసి మళ్లీ మొదలుపెట్టే అలవాటుంటే మానుకోండి.

ఆ యంత్రమూ క్యాసెట్టూ ఇవాళ మన దగ్గర దొరకడం కష్టమే. అంతమంది రెజ్లర్ల పేర్లు, ముఖాలు, పాటల హక్కులు దానితో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఇలాంటి ఆటల్ని మళ్లీ అమ్మడమూ అంత తేలిక కాదు. అలాంటప్పుడు కంప్యూటర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఫైర్ ప్రో రెజ్లింగ్ వరల్డ్. 2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో వచ్చింది, మామూలు కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ఈ వరస 1989లో జపాన్‌లో మొదలైంది. ఇప్పటికీ బొమ్మలు రెండు కొలతల్లోనే, ఏటవాలుగా కనిపించే రింగులోనే. అనుబంధంగా కొనుక్కుంటే న్యూ జపాన్ కంపెనీ రెజ్లర్లు అసలు పేర్లతో వస్తారు. మిగతా ప్రపంచాన్నంతా అభిమానులే తయారుచేసి పెట్టారు, ఉచితంగా దించుకోవచ్చు. మిసావా, కవాడా కూడా దొరుకుతారు.

దీన్ని ఆడేవాళ్లలో ఎక్కువమంది మొదటి గంటలోనే వదిలేస్తారు. కారణం ఒకటే, తొందర. ఇక్కడ పట్టు పట్టడానికి బటన్ లేదు. ఇద్దరూ దగ్గరికి నడిస్తే వాళ్లే కలుస్తారు. ఒళ్లు ఒళ్లు తాకి వంగిన ఆ క్షణంలో, ముందూ కాదు వెనకా కాదు, బటన్ నొక్కాలి. ముందు నొక్కినవాడు ఓడిపోతాడు. తెర మీద ప్రాణశక్తి గీత ఉండదు, ఎవడు ఎంత అలిసిపోయాడో వాడి నడక చూసి తెలుసుకోవాలి. మొదట చిన్న దెబ్బల బటన్, మ్యాచ్ ముదిరాక మధ్యరకం, చివర్లోనే పెద్దది. మొదటి నిమిషంలో పెద్దది ప్రయత్నిస్తే ఎదుటివాడు దాన్ని తిప్పికొట్టి మిమ్మల్నే పడేస్తాడు. ఊపిరి పీల్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది. పక్కకు వెళ్లి నిలబడి అది నొక్కాలి. దాన్ని మర్చిపోతే మీ మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ ఉంటాడు, మీరు బటన్లు నొక్కుతూ ఉంటారు.

నాకు బాగా నచ్చింది మ్యాచ్ అయ్యాక వచ్చే తెర. అందులో మ్యాచ్ ఎంత బాగుందో నూటికి ఇన్ని మార్కులని వేస్తారు. ఒకడు రెండు నిమిషాల్లో చితక్కొట్టి గెలిస్తే మార్కులు పడవు. ఇద్దరూ పడి లేచి, పిన్ రెండు దాకా వచ్చి ఆగి, చివరికి ఎవడో ఒకడు ఒరిగితే మార్కులు పెరుగుతాయి. గెలుపోటముల పక్కన ఈ లెక్క కూడా వేసే ఆటలు చాలా తక్కువ. ఆడే ఓపిక లేనప్పుడు ఇద్దరినీ కంప్యూటర్‌కే అప్పగించి చూస్తూ కూర్చోవచ్చు. ఏ దశలో ఏ దెబ్బ ఎంత శాతం వాడాలో ఒక్కో రెజ్లర్‌కు ముందే రాసి పెట్టవచ్చు. ఇది గంటలు గంటలు తినేస్తుంది, మరుసటి రోజు పని ఉన్న రాత్రి మొదలుపెట్టకండి.

పీఎస్2 ఇంట్లో పెరిగినవాళ్లు 2003 నాటి స్మాక్‌డౌన్ హియర్ కమ్స్ ది పెయిన్ పేరెత్తకపోతే ఊరుకోరు. మంచి ఆటే. తలకు, ఒంటికి, చేతులకు, కాళ్లకు తగిలిన దెబ్బలను విడివిడిగా రంగుల్లో చూపిస్తుంది, బ్రాక్ లెస్నర్ నుంచి గోల్డ్‌బర్గ్ దాకా ఉన్నారు. కానీ మహా వేగం. పడ్డవాడు బంతిలా లేస్తాడు. నలుగురు స్నేహితులు చేరినప్పుడు దీన్ని, ఇద్దరే ఉన్నప్పుడు నో మెర్సీని వేయండి. సైబర్ కేఫ్‌లలో కంప్యూటర్ మీద ఆడిన 2002 నాటి రా అనే ఆట గుర్తున్నవాళ్లకు ఒక మనవి: ఆ జ్ఞాపకాన్ని అలాగే ఉంచుకోండి, మళ్లీ ఆడకండి.

ఇంకా పాతవాటిలో 1991 నాటి ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే) ఆట రెజిల్‌ఫెస్ట్ బొమ్మలు ఇప్పటికీ కళ్లకు పండగ. ఆట మాత్రం నాణేలు మింగడానికి చేసింది, ఆ సంగతి దాచుకోదు కూడా. 1995లో వచ్చిన రెజిల్‌మేనియా ఆర్కేడ్ ఆటలో బామ్ బామ్ బిగెలో చేతులు మండుతాయి, అండర్‌టేకర్ దయ్యాలను విసురుతాడు. అది రెజ్లింగ్ కాదు, రెజ్లర్ల వేషం వేసుకున్న ఇంకేదో. నాకు మాత్రం ఇష్టమే. 2000లో వచ్చిన డబ్ల్యూసీడబ్ల్యూ బ్యాక్‌స్టేజ్ అసాల్ట్‌లో రింగే లేదు. రెజ్లింగ్ ఆటలో రింగు తీసేయాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, మరుసటి ఏడాది మార్చిలో ఆ కంపెనీయే లేకుండా పోయింది. 2019 నాటి డబ్ల్యూడబ్ల్యూఈ 2కె20 ఆట గురించి ఒక్క మాట చాలు: తప్పులు ఎంత ఎక్కువగా ఉన్నాయంటే మరుసటి ఏడాది ఆ వరసలో ఆటే తేలేదు.

చూడటం, ఆడటం రెండూ ఒకే సాయంత్రం కలపాలనుకుంటే 2013 నాటి డబ్ల్యూడబ్ల్యూఈ 2కె14 సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. పీఎస్3కీ, ఎక్స్‌బాక్స్ 360కీ వచ్చింది. అందులో ముప్పై ఏళ్ల రెజిల్‌మేనియా మ్యాచ్‌లను మీరే మళ్లీ ఆడవచ్చు, సావేజ్, స్టీమ్‌బోట్‌లది కూడా ఉంది. ఫలానా దెబ్బ కొట్టు, ఫలానా చోటికి లాక్కెళ్లు అని తెర మీద ఆదేశాలు వస్తుంటాయి. మొదటిసారి వాటిని పాటించండి, చరిత్రలో ఏ వరసలో జరిగిందో చేతికి తెలుస్తుంది. రెండోసారి మామూలు మ్యాచ్‌గా అదే జంటను పెట్టుకుని, ఆదేశాలు లేకుండా, స్టీమ్‌బోట్‌గా ఆడండి. సావేజ్‌ను పిల్లలకు ఇవ్వండి. విలన్‌గా ఆడటమే వాళ్లకు సరదా, పైగా గొంతు మీద కొట్టమని ఎవరూ చెప్పనక్కర్లేదు.